భాగం వయసు ఎవరు రాయాలి?

ఇద్దరూ శంషాబాద్ విమానాశ్రయంలోనే పనిచేస్తారు. ఆయన బేగంపేట రోజుల నుంచి లైసెన్సు ఉన్న మెయింటెనెన్స్ ఇంజనీరు. ఆమె రికార్డుల విభాగం చూసే యువ ఇంజనీరు. విమానంలోని ఏ భాగం ఎన్ని గంటలు ఎగిరిందో, ఎన్నిసార్లు లేచి దిగిందో సాఫ్ట్‌వేర్‌లో ఎవరు ఎక్కించాలి, ఎప్పుడు ఎక్కించాలి అన్న దగ్గర వీళ్లకు పొసగదు. మనుషులు నా కల్పనే. వాదన మాత్రం విమానాలు బాగుచేసే ప్రతి చోటా ఉన్నదే. పేర్లు పెట్టకుండా వాళ్లు కూర్చునే చోటుతోనే పిలుస్తున్నాను.

హ్యాంగర్: అమ్మా, సూటిగా అడుగుతున్నా. రాత్రి మావాళ్లు హైడ్రాలిక్ పంపు ఒకటి మార్చారు. పని చప్పున అయిపోయింది. దాన్ని మీ సాఫ్ట్‌వేర్‌లో ఎక్కించేసరికి తెల్లారింది. తీసిన పంపు సీరియల్ నంబరు, పెట్టినదాని సీరియల్ నంబరు, పార్ట్ నంబరు, పొజిషన్, తీసిన కారణం, తేదీ, టైము, రిలీజ్ సర్టిఫికెట్ నంబరు. ఒక్క గడి ఖాళీగా ఉన్నా సేవ్ అవదు. నేను లైసెన్సు తీసుకున్నది విమానం బాగుచేయడానికా, టైపు కొట్టడానికా?

రికార్డ్స్: పని అయ్యాక విమానాన్ని వదిలే సంతకం మీదే కదా సార్. ఏ పంపు పెట్టారో చెప్పకుండా ఆ సంతకం దేనికి పెట్టినట్టు?

హ్యాంగర్: పంపు బాగుందో లేదో పంపే చెబుతుంది. ప్రెజర్ చూస్తాను, లీకు చూస్తాను, చప్పుడు వింటాను. నీ స్క్రీన్ మీద దాని వయసు ఎంతుంటే నాకేం?

రికార్డ్స్: పంపు చెబుతుంది, నిజమే. చాలా పంపుల్ని కండిషన్ బట్టే వాడతాం. ఇంజిన్‌లోని టర్బైన్ డిస్క్ చెబుతుందా? ఇనుప తీగను అటూ ఇటూ వంచుతూ పోండి. ఎన్నిసార్లు వంచినా ఏమీ అయినట్టు ఉండదు, ఒకసారి ఠక్కున విరుగుతుంది. దానికి ముందు వంపు దగ్గర ఆపి చేత్తో పట్టుకు చూసినా బాగున్నట్టే ఉంటుంది. డిస్క్ కూడా అంతే. టేకాఫ్‌లో వేడెక్కి, గరిష్ఠ వేగంతో తిరిగి, దిగాక చల్లారితే ఒక సైకిల్. సీఎఫ్ఎం56-7బీ ఇంజిన్‌లో ఫ్యాన్ డిస్కుకు 30,000 సైకిళ్లు, మధ్యలో ఉండే కోర్ డిస్కులకు 20,000, వెనక లో ప్రెజర్ టర్బైన్‌కు 25,000 లక్ష్యంగా పెట్టుకున్నారు. హద్దు చేరిందంటే అది ఎంత తళతళలాడుతున్నా తీసేయాల్సిందే. హద్దు చేరిందని కన్ను చెప్పదు, చెవి చెప్పదు. లెక్క ఒక్కటే చెబుతుంది.

హ్యాంగర్: లెక్కకు కావలసినవి విమానమే పంపుతోంది కదా. చక్రాలు నేల విడిచిన క్షణం, నేల తాకిన క్షణం రేడియో లింకులో నేరుగా మీ సర్వర్‌కు చేరుతున్నాయి. మధ్యలో నా వేళ్లెందుకు?

రికార్డ్స్: అసలు తిరకాసు అక్కడే ఉంది సార్. ఈ విమానం నేడు ఆరుసార్లు ఎగిరిందని విమానం చెప్పగలదు. ఆ ఆరుసార్లూ దాని కాళ్లలో ఏ సీరియల్ నంబరు గేర్ ఉందో, ఎడమ ఇంజిన్‌లో ఏ డిస్క్ ఉందో దానికి తెలియదు. కొన్ని ఎలక్ట్రానిక్ పెట్టెలు తమ నంబరు తామే చెప్పుకుంటాయి. ఉక్కుకు, టైటానియంకు ఆ నోరు లేదు. సాఫ్ట్‌వేర్ చేసేదల్లా ఒక్కటే: ఈ భాగం ఫలానా క్షణం నుంచి ఫలానా క్షణం దాకా ఫలానా విమానంలో ఉంది కాబట్టి ఆ మధ్య ఎగిరినవన్నీ దీని ఖాతాలో వేస్తుంది. ఆ రెండు క్షణాలు చెప్పాల్సింది మీరు. మీరు తప్పు చెబితే కూడిక ఎంత సరిగ్గా చేసినా లెక్క తప్పే.

హ్యాంగర్: గంటలూ సైకిళ్లూ అంటూ రెండు లెక్కలు పెట్టారు, దానికి తోడు క్యాలెండర్. ఏదో ఒకటి చాలదూ?

రికార్డ్స్: 1988 ఏప్రిల్ 28న హవాయి దీవుల మీద అలోహా ఎయిర్‌లైన్స్ వాళ్ల 737 పైకప్పు గాల్లోనే ఊడిపోయింది. ఒక ఎయిర్ హోస్టెస్ కొట్టుకుపోయింది. ఆ విమానం ఎగిరిన గంటలు 35,496. బోయింగ్ దాన్ని రూపొందించేటప్పుడు అనుకున్న ఆయుష్షు 51,000 గంటలు. గంటలే చూస్తే ఇంకా నడివయసు. సైకిళ్లు చూడండి: 89,680. అనుకున్నది 75,000. దీవి నుంచి దీవికి సగటున ఇరవై నాలుగు నిమిషాల ప్రయాణం. ప్రతిసారీ క్యాబిన్ గాలి నింపుకుని ఉబ్బడం, మళ్లీ తగ్గడం. గంటల లెక్క ఒక్కటే పెట్టుకుంటే ఆ విమానం వయసు ఎవరికీ తెలిసేది కాదు.

హ్యాంగర్: మొత్తం చెప్పమ్మా. ఆ విమానం తిరిగింది తక్కువ ఎత్తులో. చాలా ట్రిప్పుల్లో క్యాబిన్ ప్రెజర్ పూర్తి స్థాయికి చేరేదే కాదు. అంటే నువ్వు చెప్పిన 89,680లో పూర్తి సైకిళ్లు అన్ని లేవు. అసలు దెబ్బకొట్టింది రేకుల అతుకుల్లో పట్టు వదిలిన జిగురు, సముద్రపు ఉప్పు గాలికి పట్టిన తుప్పు. ఆ రోజు విమానం ఎక్కుతూ ఒక ప్రయాణికురాలు బాడీ మీద పగులు చూసింది కూడా. ఎవరికీ చెప్పలేదు. ప్రయాణికురాలి కంటికి ఆనింది, చూడాల్సినవాళ్లు చూడలేదు. నీ నంబరు ఎంత పెద్దదైనా ఆ పగులును చూపించలేదే!

రికార్డ్స్: చూపించదు. ఎప్పటి నుంచి వెతకాలో చెబుతుంది.

హ్యాంగర్: వెతికినా దొరకాలిగా. 1989 జూలై 19, యునైటెడ్ ఎయిర్‌లైన్స్ ఫ్లయిట్ 232, అమెరికాలోని సూ సిటీ. డీసీ-10 తోక ఇంజిన్‌లో ఫ్యాన్ డిస్క్ పగిలి మూడు హైడ్రాలిక్ వ్యవస్థలనూ తెంపేసింది. 112 మంది పోయారు. ఆ డిస్క్ హద్దు 18,000 సైకిళ్లు. పగిలింది 15,503 దగ్గర. మీ లెక్కలో ఇంకా 2,497 మిగిలే ఉన్నాయి. 1971లో డిస్క్ చేసినప్పుడే టైటానియంలో లోపం దాగి ఉంది. ప్రమాదానికి 760 సైకిళ్ల ముందు షాపులో రంగు పూసి పరీక్షించారు కూడా. అప్పటికే పగులుంది. పట్టుకోలేకపోయారు. కాబట్టి ఇంజనీరు కంటికి పదును పెట్టండి, వెలుతురివ్వండి, తీరిక ఇవ్వండి. టైపు తర్వాత.

రికార్డ్స్: డిస్క్ పగిలిన మర్నాటి నుంచి ఏం జరిగిందో కూడా చెప్పండి సార్. అదే లోహపు పోతలోంచి వచ్చిన తోబుట్టువు డిస్కులు ఏ ఇంజిన్లలో తిరుగుతున్నాయి? వాటిని పట్టుకోవడానికి దర్యాప్తువాళ్లకు రికార్డులు తప్ప దారి లేదు. అక్కడ ఏం తేలింది? ఫ్యాక్టరీ కాగితాల్లో ఒకే సీరియల్ నంబరు రెండు డిస్కులకు ఉంది. ప్రమాదంలో పగిలింది ఆ రెండిట్లో ఏది, రెండోది ఏమైంది అని సంవత్సరాల నాటి కాగితాలు తవ్వాల్సి వచ్చింది. మీరు చెప్పింది కన్ను ఓడిన కథ. కాగితం కూడా అందులోనే ఓడింది.

(సూ సిటీ ప్రమాదాన్ని పైలట్ల నేర్పు కథగా చెప్పుకోవడమే ఎక్కువ. ఆ నేర్పు నిజం, 184 మంది బతికారు. కానీ రికార్డుల పని చేసేవాళ్లకు ఒకే నంబరున్న ఆ రెండు డిస్కుల సంగతే ముందు నేర్పాలని నాకనిపిస్తుంది.)

హ్యాంగర్: సరే, ఎప్పుడో అమెరికా ఫ్యాక్టరీలో జరిగింది వదిలెయ్. మన దగ్గర మేం చేసే తప్పేంటో చెప్పు. ఊరికే రాయండి రాయండి అంటే సరిపోదు.

రికార్డ్స్: చెబుతాను. విమానం రాత్రి దిగింది. మీరు పదో తేదీ తెల్లవారుజాము రెండున్నరకు భాగం మార్చారు. సాఫ్ట్‌వేర్ నడిచేది యూటీసీలో. మన గడియారం దానికి ఐదున్నర గంటలు ముందు. కాబట్టి అక్కడ అది తొమ్మిదో తేదీ రాత్రి తొమ్మిది గంటలు. మీవాళ్లు చేతి గడియారం చూసి 10వ తేదీ, 02:30 అని కొట్టారు. ఉదయం 5:50 ఫ్లయిట్ యూటీసీలో 00:20కి లేచింది, 02:05కి దిగింది. సాఫ్ట్‌వేర్ ఏమనుకుంటుంది? మార్పు జరిగింది 02:30కి, ఈ ఫ్లయిట్ అంతకు ముందే అయిపోయింది అనుకుంటుంది. బల్ల మీద ట్యాగ్ కట్టి పడున్న పాత భాగం ఖాతాలో ఒక సైకిల్, గంటా నలభై ఐదు నిమిషాలు పడతాయి. ఎగిరిన కొత్త భాగానికి సున్నా.

హ్యాంగర్: ఒక్క సైకిల్ కోసం ఇంత గొడవా? 20,000లో ఒకటి.

రికార్డ్స్: ఒక్క రాత్రి అయితే ఒకటే. మీ షిఫ్ట్‌లో అందరికీ అదే అలవాటైతే? ఇంకోటి కూడా చూశాను. గంటా నలభై ఐదు నిమిషాలను 1:45 అని కాకుండా 1.45 అని కొడతారు. దశాంశంలో 1.45 అంటే గంటా ఇరవై ఏడు నిమిషాలు. ఫ్లయిట్‌కు పద్దెనిమిది నిమిషాలు మాయం. రోజుకు ఆరు ట్రిప్పులైతే దాదాపు రెండు గంటలు. అన్నీ భాగాన్ని కుర్రదిగా చూపించే వైపే.

హ్యాంగర్: ఆ రెండూ మా తప్పులు కావు. రాత్రి రెండున్నరకు చమురు చేతులతో ఉన్న మనిషి చేత టైమ్ జోన్ లెక్క కట్టిస్తున్నారు చూడు, అది తప్పు. ఆ గడిలో మన టైము కొడితే యూటీసీకి మార్చుకోవడం యంత్రానికి ఎంతసేపు? చుక్క పెడితే తీసుకోకుండా నిమిషాలే అడగడం ఎంత పని?

రికార్డ్స్: మార్పించాలి. మీరు చెప్పింది న్యాయం. దీని మీద మా విభాగం తరఫున నేనే అడుగుతాను.

(ఇక్కడ నేను హ్యాంగర్ పక్షం. స్విట్జర్లాండ్‌లో పుట్టిన ఆమోస్ గానీ, చెన్నైలో తయారయ్యే రామ్‌కో గానీ, ఏ సాఫ్ట్‌వేర్ అయినా సరే, కొనేముందు దాని తెర రాత్రి షిఫ్ట్‌లో పనిచేసే మనిషికి చూపించాలి. ఆఫీసులో పగటి వెలుతురులో చూసి బాగుందనుకుంటే సరిపోదు.)

హ్యాంగర్: ఇంకోటి కూడా ఒప్పుకో. మీరు అడిగే వివరాలన్నీ ఒకే బరువువి కావు. కాఫీ మేకర్ మార్చినా, మెయిన్ గేర్ మార్చినా ఒకటే ఫారమ్. అన్నిటికీ అంతే శ్రద్ధ పెట్టమంటే దేనికీ పెట్టరు.

రికార్డ్స్: అదీ నిజమే. కానీ బరువైనవి ఏవో చూద్దాం. ఏ320 ల్యాండింగ్ గేర్‌కు పదేళ్లు లేదా 20,000 సైకిళ్లు, ఏది ముందొస్తే అప్పుడు ఓవర్‌హాల్. ఇంజిన్ డిస్కుల లెక్క ఇంకా చిక్కు. అదే 7బీ ఇంజిన్‌ను ఒక విమానంలో 24,000 పౌండ్ల థ్రస్ట్‌కు, ఇంకో విమానంలో 27,000కు సెట్ చేసి నడుపుతారు. ఎక్కువ థ్రస్ట్‌లో డిస్క్ త్వరగా అలసిపోతుంది. లెక్క కోసం అనుకుందాం: తక్కువ థ్రస్ట్‌లో హద్దు 20,000, ఎక్కువలో 17,000. తక్కువలో 5,000 వాడితే పావు ఆయుష్షు పోయింది. మిగిలిన ముప్పావు ఎక్కువ థ్రస్ట్‌లో 12,750. ఇంజిన్ ఏ రోజున రేటింగ్ మారిందో ఎవరో ఒకరు రాయకపోతే, సాఫ్ట్‌వేర్ ఉత్తి తీసివేత చేసి ఇంకా 15,000 ఉన్నాయి అంటుంది. చూసినవాళ్లంతా నమ్ముతారు.

హ్యాంగర్: నమ్ముతారు, అదే నా భయం. తెర మీద పచ్చగా ఉంటే ఇంకెవరూ విమానం దగ్గరకు పోరు. అలాస్కా ఎయిర్‌లైన్స్ ఫ్లయిట్ 261 సంగతి చూడు. 2000 జనవరి 31. తోకలోని మరలో గ్రీజు లేక మర పళ్లు అరిగిపోయి, 88 మంది పోయారు. గ్రీజు పెట్టే గడువు 1987లో 500 గంటలు. పెంచుకుంటూ పోయి 1996లో గంటల మాటే తీసేసి ఎనిమిది నెలలు అన్నారు. వాళ్లు విమానం తిప్పే తీరులో ఎనిమిది నెలలంటే దాదాపు 2,550 గంటలు. గడువు దాటనంత కాలం ఏ షెడ్యూల్ అయినా అంతా సక్రమమే అంటుంది. మరలో మాత్రం గ్రీజు లేదు.

రికార్డ్స్: మరను తిప్పేవి ఎగిరే గంటలు, లెక్కపెట్టింది నెలలు. వాడకాన్ని కొలవడం మానేసి క్యాలెండర్ చూశారు. మీరు చెప్పిన కథ నా వైపు సాక్ష్యమే.

హ్యాంగర్: అయితే మన దేశానికే రా. ఎయిరిండియా ఎక్స్‌ప్రెస్ ఏ320 ఒకదానిలో ఇంజిన్ భాగాలు యూరప్ భద్రతా సంస్థ చెప్పిన గడువులోగా మార్చలేదు. మార్చినట్టు కనబడేలా ఆమోస్‌లో రికార్డులు మార్చారని 2025 మార్చిలో మన విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ మందలించింది. ఆ మెమో సంగతి జూలైలో రాయిటర్స్ బయటపెట్టింది. కంపెనీ ఏమందో గుర్తుందా? రికార్డులను సాఫ్ట్‌వేర్‌లో ఒక చోటు నుంచి ఇంకో చోటుకు మార్చేటప్పుడు గడువు తేదీ తప్పిపోయిందని. పొరపాటు ఒప్పుకున్నారు, సరిదిద్దారు. నేను అడిగేది ఒక్కటే. కాగితం లాగ్ బుక్కులో కొట్టివేత కనబడేది. ఇంకు రంగు తేడా కనబడేది. తెర మీద తేదీ మారిస్తే ఏం కనబడుతుంది?

రికార్డ్స్: (కాసేపు ఆగి) తెర మీద కనబడదు. వెనక లాగ్‌లో ఉంటుంది: ఎవరు, ఎప్పుడు, దేన్ని దేనిగా మార్చారన్నది. ఆ లాగ్‌ను ఎవరో ఒకరు రోజూ చదవాలి. చదవకపోతే ఉన్నా లేనట్టే. నాకు తెలిసి ఈ పనిలో అన్నిటికంటే తక్కువ జరిగేది అదే. అందుకే అడుగుతున్నా సార్, మార్పు జరిగిన గంటలోనే, చేసిన చేతులే ఎక్కించాలని. రెండు రోజుల తర్వాత నేను ఆఫీసులో కూర్చుని ఎక్కించానంటే అది విన్నమాటే. విన్నమాటలకు సర్దుబాట్లు వస్తాయి. సర్దుబాట్లు అలవాటైన చోట అబద్ధం కూడా సర్దుబాటులాగే కనబడుతుంది.

హ్యాంగర్: మా చేతులు ఎప్పుడూ నిజమే రాస్తాయంటావా?

రికార్డ్స్: అనను. రాత్రి ఒక విమానం ఆగిపోతుంది, స్టోర్స్‌లో స్పేర్ ఉండదు. పక్కన నిలబడ్డ విమానంలోంచి ఊడదీసి దీనికి పెడతారు. అది రెండు తీయడాలు, రెండు పెట్టడాలు, నాలుగు ఎంట్రీలు. వచ్చేవి రెండు. సీరియల్ నంబరు మాస్కింగ్ టేప్ ముక్క మీద మార్కర్‌తో రాసుకుని, ఆ టేప్ టూల్ బాక్సు మూతకు అంటించి ఉంటుంది. 8 అన్నది తెల్లారేసరికి బీ అవుతుంది. గో ఫస్ట్ ఎయిర్‌లైన్ 2023 మే నెలలో ఆగిపోయాక ఆ విమానాల గతి చూశాం కదా. ఫ్యాన్ బ్లేడ్లు, ఇతర భాగాలు మాయమయ్యాయని అద్దెకిచ్చినవాళ్లు ఢిల్లీ హైకోర్టుకు వెళ్లారు. 54 విమానాల రిజిస్ట్రేషన్ రద్దు చేయమని 2024 ఏప్రిల్‌లో కోర్టు చెప్పాక కూడా, ఏ భాగం ఎక్కడిదో తేల్చుకునే బాధ వాళ్లకు మిగిలే ఉంటుంది. పుట్టుక నుంచి లెక్క చూపించలేని డిస్క్ తుక్కు కింద లెక్క. అది నిజంగా పాడైందో లేదో ఎవరూ అడగరు.

హ్యాంగర్: అక్కడే మీవాళ్లు మోసపోయేది కూడా. పుట్టుక నుంచి లెక్క ఉందని కాగితం చూపిస్తే చాలు, కొనేస్తారు. 2023లో లండన్ కంపెనీ ఏఓజీ టెక్నిక్స్ వ్యవహారంలో ఏమైంది? సీఎఫ్ఎం56 భాగాలకు దొంగ రిలీజ్ సర్టిఫికెట్లు. ఎన్నో ఎయిర్‌లైన్సుల సిస్టమ్‌లలో అవన్నీ చక్కగా ఎక్కాయి, కొత్తవిగా, సున్నా గంటలతో. పట్టుకున్నది సాఫ్ట్‌వేరా? పోర్చుగల్ విమాన సంస్థ టాప్ వాళ్ల మెయింటెనెన్స్ విభాగంలో మనలాంటివాళ్లు ఒక భాగాన్ని చేతిలోకి తీసుకుని, కాగితం చెప్పినదానికంటే ఇది పాతదానిలా ఉందే అన్నారు. అక్కడి నుంచే తీగ కదిలింది.

రికార్డ్స్: ఆ మనిషికి నేనూ దణ్ణం పెడతాను. కానీ ఆ ఒక్క ముక్క దొరికాక మిగతావాటిని ప్రపంచమంతా ఎలా వెతికారు? ఏ ఇంజిన్‌లో, ఏ సప్లయర్ నుంచి, ఏ ముక్క ఎప్పుడు కూర్చుందో ఎయిర్‌లైన్సులు తమ రికార్డుల్లో వెతుక్కుని ఇంజిన్లు దింపాయి. మొదటిది పట్టింది కన్ను. మిగతావి పట్టింది మేం.

హ్యాంగర్: అందుకే, కన్నున్నవాడిని తెర ముందు కట్టేయకు అంటున్నా.

రికార్డ్స్: కట్టేయకుండా ఎలా చేద్దాం? 2025 నవంబరులో ఇక్కడే సఫ్రాన్ వాళ్ల లీప్ ఇంజిన్ షాపుకు ప్రారంభోత్సవం జరిగింది. పూర్తి స్థాయికి చేరాక ఏటా 300 ఇంజిన్లు చూస్తామంటున్నారు. ప్రతి ఇంజిన్‌తో పాటు ప్రతి డిస్క్ ఎన్ని సైకిళ్లు తిరిగిందో జాబితా రావాలి. ఆ జాబితా మీలాంటివాళ్లు దేశంలో ఎక్కడెక్కడో రాత్రుళ్లు కొట్టిన ఎంట్రీల మొత్తమే. అందులో ఒకటి తేలకపోతే విప్పిన ఇంజిన్ బల్ల మీదే ఆగుతుంది.

హ్యాంగర్: అయితే దానికి టైమివ్వండి. టాస్క్ కార్డులో పంపు మార్చడానికి ఇన్ని మనిషి-గంటలని ఉంటుంది. ఎంట్రీకి ఎంతని ఉంది? ఏమీ లేదు. ఆ పని ఉన్నట్టే రోస్టర్‌కు తెలియదు. షిఫ్ట్ అయిపోయాక, క్యాబ్ హారన్ కొడుతుంటే, నిద్ర కళ్లతో కొడతారు. ఆ నిద్ర కళ్ల మీద మీరు డిస్క్ ఆయుష్షు పెడుతున్నారు.

రికార్డ్స్: ప్రతి కార్డులో ఎంట్రీ టైము వేరుగా రాయించాలి. ప్లానింగ్ వాళ్లతో మీరూ రండి, ఇద్దరం కలిసి అడుగుదాం. దానికి బదులు నాకొకటి కావాలి. ఎంట్రీ అవకుండా తీసిన భాగం స్టోర్స్ గుమ్మం దాటకూడదు, విమానం కదలకూడదు.

హ్యాంగర్: ఉదయం 5:50 ఫ్లయిట్ దానికోసం ఆగాలా?

రికార్డ్స్: ఆగాలి సార్.

హ్యాంగర్: ఆపేది నేను. ఫోన్లు వచ్చేది నాకు. నూట ఎనభై మంది గేటు దగ్గర నిలబడి ఉంటారు. లీకు ఉంటే ఆపుతాను, నా ఉద్యోగం పోయినా సరే. సర్వర్ నెమ్మదిగా ఉందని ఆపమంటే ఆపలేను.

రికార్డ్స్: మరి అన్ని భాగాలకూ వద్దు. హద్దు ఉన్న వాటికే, డిస్కులు, గేర్ లాంటివాటికే ఆపుదాం. మిగతావి ఆ రోజు సాయంత్రంలోగా.

హ్యాంగర్: మిగతావి మీవాళ్లలో ఒకరు రాత్రి హ్యాంగర్‌కు వచ్చి, నేమ్ ప్లేట్ స్వయంగా చదివి ఎక్కించాలి. నేను సరిచూసి సంతకం పెడతాను.

రికార్డ్స్: రాత్రి షిఫ్ట్‌కు మనిషిని అడుగుతాను. ఇస్తారని మాటివ్వలేను. హద్దు ఉన్నవి మాత్రం ఎవరు వచ్చినా మీ చేత్తోనే.

హ్యాంగర్: అది నేనింకా ఒప్పుకోలేదు. ముందు ఆ హద్దు ఉన్నవాటి జాబితా పంపమ్మా, ఏ విమానంలో ఎన్నున్నాయో చూసి చెబుతాను.